చిరునవ్వు చెదరని క్రూరుడు

చార్లెస్ డికెన్సు రచించిన ‘బార్నబీ రడ్జ్’ 1841లో వెలువడిన చారిత్రక నవల. 1780లో లండను నగరమును అట్టుడికించిన గోర్డన్ అల్లరులు ఈ కథకు ఆధారము. ఇందు హంతకుడు కలడు, తలారి కలడు, ఇండ్లు తగులబెట్టు మూకలు కలవు. అయినను వీరందరికంటె క్రూరుడు సర్ జాన్ చెస్టరు అను పెద్దమనిషి.

అతడు బిడ్డను కొట్టడు, గొంతెత్తి తిట్టడు. ధనవంతురాలిని పెండ్లాడి తన విలాసములు సాగనిమ్మని కుమారుడైన ఎడ్వర్డును నిర్బంధించును. కుమారుడు ఒప్పకపోగా, మృదువుగా మాటాడుచునే యింటినుండి వెడలగొట్టును.

పూటకూళ్ల యింటి యజమాని జాన్ విల్లెట్టును అట్టివాడే కదా యని కొందరనవచ్చును. నిజమే. యువకుడైన కుమారుడు జోను అతడు పదిమందిలో పసివానివలె అదలించును. జో విసిగి సైన్యమున చేరి, అమెరికా యుద్ధములో ఒక చేయి పోగొట్టుకొని తిరిగివచ్చును. కాని విల్లెట్టుది మూర్ఖత్వము. ఆ ముసలివాడు కొడుకు పోగొట్టుకొన్న చేతిని గూర్చియే పదే పదే పలవరించును. ఎడ్వర్డు వెళ్లిపోయిన దినమున చెస్టరుకు ఆపాటి కలతయు లేదు.

చెస్టరుకు హ్యూ అను మరియొక కుమారుడు కలడు. తల్లిని ఉరితీసిననాటికి వాడు పసివాడు. దిక్కులేక పెరిగి గుఱ్ఱపుసాలలో పనివాడయ్యెను. వాడెవడో యెరుగకయే చెస్టరు వానిని తన కుట్రలకు వాడుకొనెను. ఎరుగమి నేరము కాదందురేమో! అల్లరులలో పట్టువడి హ్యూకు ఉరిశిక్ష పడినపుడు, తాళములు చేయు గేబ్రియల్ వార్డెన్ వచ్చి, వాడు మీ కుమారుడే యని చెప్పెను. చెస్టరు మర్యాదగా విని, మర్యాదగా సాగనంపెను.

హంతకుని కొడుకైన అమాయకుడు బార్నబీకిని ఉరిశిక్షయే పడెను. వార్డెన్ పెద్దల గుమ్మములు తిరిగి వానికి క్షమాభిక్ష సంపాదించెను. హ్యూ కొరకు తండ్రి గడప దాటలేదు.