అన్నిటికీ ‘వేడి చేసింది’ అంటే ఎలా?

పిల్లలు మూత్రం పోసేటప్పుడు మంట అనగానే మన ఇళ్లలో వచ్చే మొదటి మాట ‘వేడి చేసింది’. అమెరికా వచ్చి పద్దెనిమిదేళ్లయినా ఆ మాటను నేనూ వదల్లేదు. ఒకటో తరగతి చదువుతున్న మా అమ్మాయి బాత్రూమ్‌ నుంచి ఏడుస్తూ వచ్చిన రోజు నేనన్నదీ అదే. అప్పుడు మా దగ్గరే ఉన్న అత్తయ్య బార్లీ నీళ్లు కాచారు, సబ్జా గింజలు నానబెట్టారు. పిల్ల కాస్త తేలికపడినట్టే కనిపించింది. మూడో రోజు రాత్రి 103 డిగ్రీల జ్వరం, వాంతి, నడుము పక్కన నొప్పి.

ఆ రాత్రి నేను చేసిన పని ఇప్పటికీ మింగుడుపడదు. కిందటి ప్రయాణంలో సూట్‌కేసులో వేసుకొచ్చిన యాంటీబయాటిక్ సిరప్ పొడిలో నీళ్లు కలిపి ఒక డోసు పట్టించాను. తెల్లారాక అర్జెంట్ కేర్‌కు వెళితే డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, ‘ఇంట్లో ఏమైనా మందు ఇచ్చారా?’ నేను నీళ్లు నమిలాను. మా ఆవిడ నిజం చెప్పింది.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లక్షణాలు కనిపించాయి కానీ, రెండు రోజుల తర్వాత వచ్చిన కల్చర్ రిపోర్టులో ఏ క్రిమీ పెరగలేదు. ఏ బ్యాక్టీరియా, దానికి ఏ మందు పనిచేస్తుంది అని తేల్చేది ఆ కల్చరే. శాంపిల్ ఇవ్వకముందే పడిన ఒక్క డోసు కూడా దాన్ని చెడగొట్టగలదు. దాంతో డాక్టర్ అంచనా మీదే మందు ఎంచుకుని పది రోజులు వాడించారు. జ్వరం తగ్గింది, కిడ్నీల స్కాన్ బాగానే వచ్చింది. మా అదృష్టం, అంతే.

బార్లీ నీళ్ల మీద నాకేం కోపం లేదు. నీళ్లు ఎక్కువ తాగడం మంచిదే. కానీ చాలాసార్లు ఈ జబ్బుకు కారణం పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా. ఆడపిల్లల్లో మూత్రనాళం పొట్టిగా ఉంటుంది కనుక అది తేలిగ్గా మూత్రాశయానికి చేరుతుంది. అక్కడి నుంచి కిడ్నీలకు ఎక్కితే జ్వరం. వైద్యం ఆలస్యమైతే కిడ్నీపై మచ్చ మిగిలిపోవచ్చు, పెద్దయ్యాక బీపీకి అదే దారితీయవచ్చు. చంటిపిల్లలైతే మంట అని చెప్పలేరు. ఉత్త జ్వరం, పాలు తాగకపోవడం, చిరాకు ఉంటాయి. పళ్లొస్తున్నాయనో దిష్టి తగిలిందనో మనం సరిపెట్టేస్తాం. డైపర్ వయసు పిల్లలకు సన్నని గొట్టం వేసి శాంపిల్ తీస్తామంటే కొందరు తల్లిదండ్రులు గొడవపడతారు. బ్యాగు అతికించి పట్టిన మూత్రంలో చర్మం మీది క్రిములు కలుస్తాయి కాబట్టే, రెండు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల విషయంలో అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2011 మార్గదర్శకాలు కల్చర్‌కు బ్యాగు శాంపిల్ పనికిరాదన్నాయి.

ఇంతకీ మా పిల్లకు ఎందుకొచ్చింది? స్కూల్లో బాత్రూమ్ వాసన వస్తుందని పొద్దున్నుంచి బస్సు దిగేదాకా బిగబట్టుకునేదట. వారానికి రెండుసార్లే విరేచనం అన్న సంగతి కూడా డాక్టర్ అడిగితే కానీ మాకు పట్టలేదు. పేగులో మలం గట్టిపడి మూత్రాశయాన్ని నొక్కితే అది పూర్తిగా ఖాళీ కాదట. పిజ్జా, చీజ్, పెరుగన్నం తప్ప కూర ముట్టని పిల్లలున్న ఇళ్లు ఇది గమనించాలి.

అసలు అంతకు వారం ముందు నుంచే మంటగా ఉందని తర్వాత చెప్పింది. ముందే ఎందుకు చెప్పలేదే అంటే, ‘అది షేమ్ షేమ్ కదా నాన్నా’ అంది. ఆ పేరు నేర్పింది మేమే. చెయ్యికీ, చెవికీ పేరున్నట్టే ఆ భాగానికీ ఒక మామూలు పేరు నేర్పడానికి మనకెందుకంత మొహమాటం?

డాక్టర్ రాసిచ్చిన చీటీ టీచర్‌కు ఇచ్చాం. ఇప్పుడు రెండు మూడు గంటలకోసారి, అడగకుండానే లేచి వెళ్లొచ్చు. ముందు నుంచి వెనక్కి తుడుచుకోవడం వాళ్లమ్మ నేర్పింది. మొన్న అత్తయ్య మళ్లీ టికెట్ బుక్ చేసుకుని, ‘మందులేమైనా తేవాలా నాయనా’ అని ఫోన్ చేశారు. ఆవకాయ, కందిపొడి చాలన్నాను.