త్రవ్వుటకు అనుమతి, పూడ్చుటకు పూచీ

పల్నాటి రైతుకు భూమి రెండు విధముల ఆస్తి. పైన నల్లరేగడి, క్రింద సున్నపురాయి. పైదానిలో మిరప, ప్రత్తి, కంది పండును. క్రిందిదానిని మాచర్ల ప్రాంతమున నాపరాళ్లుగా చీల్చుదురు; పిడుగురాళ్లలో బట్టీలలో కాల్చి సున్నము చేయుదురు; సిమెంటు కర్మాగారములు పొడి చేయును. పై ఆస్తి ఏటేట ఫలమిచ్చునది. క్రిందిది ఒక్కసారి తీసికొన్నచో మరల రానిది. అయినను క్వారీ లీజుకు సమ్మతి పత్రము వ్రాసి యిచ్చు రైతు బేరమాడునది క్రింది రాయిని గురించియే. నేను చూచిన పత్రములలో పైనున్న మన్ను ఏమగునో చెప్పు పంక్తి ఒక్కటియు లేదు. ఆ పంక్తిని గురించియే ఈ నాలుగు మాటలు.

రాయి తీయవద్దని నా అభిప్రాయము కాదు. నాపరాయి పరచని ఇల్లు ఈ సీమలో అరుదు. బట్టీల మీద, క్వారీల మీద బ్రతుకు కూలీలు వేలమంది. తీయుటకు అనుమతి ఇచ్చునప్పుడే పూడ్చుటకు పూచీ తీసికొనవలెనన్నది మాత్రమే నా వాదము.

మన ప్రాంతమునకు త్రవ్వకము క్రొత్త కాదు. కృష్ణ ఒడ్డున బెల్లంకొండ సమీపమందలి కొల్లూరులో 17వ శతాబ్దిలో వజ్రములకై నేలను త్రవ్విరి. కోహినూరు అక్కడిదేనని చాలమంది అభిప్రాయము. ఆ గనిని చూచిన ఫ్రెంచి వర్తకుడు టావర్నియే అక్కడ 60,000 మంది పని చేయుచుండిరని వ్రాసినాడు. మగవారు త్రవ్వగా స్త్రీలు, పిల్లలు మన్ను మోసెడివారట. ఆ మన్నును నీటిలో నానబెట్టి, కడిగి, ఎండబెట్టి, చేటలతో చెరిగి రాళ్లు ఏరెడివారు. పది, పన్నెండు, పదునాలుగు అడుగులు త్రవ్వి, నీరు పడిన చోట ఆగిపోయెడివారట. ఆ గుంటలను పూడ్చినవారు లేరు. అక్కడ దొరికిన వజ్రములలో ఒక్కటైనను పల్నాటిలో నిలువలేదు. ఇప్పుడు ఆ స్థలము పులిచింతల జలాశయములో మునిగియున్నది. నాటి పలుగు నీటిని చూచి ఆగినది. నేటి పొక్లెయిను ఆగదు. మోటారు పెట్టి నీరు తోడి మరల క్రిందికి పోవును.

ఆ తోడుటయే చుట్టుప్రక్కల రైతుకు పెద్ద చేటు. సున్నపురాతిలో పగుళ్లు, సందులు ఉండును. నీరు వాటివెంట నడచును. క్వారీ అడుగు మీ బావి అడుగుకంటె లోతునకు పోయి, అక్కడ పగలు రాత్రి నీరు తోడుచున్నచో, మీ బావి నీరు అటు జారుటకు అవకాశము కలదు. లీజు ఇచ్చిన రైతుకు డబ్బు వచ్చినది. ప్రక్క రైతుకు వచ్చినదేమి? అతని సంతకమును ఎవరును అడుగలేదు.

ఇట్టి తగవు ఇతర దేశములలోను వచ్చినది. అమెరికాలోని కాలిఫోర్నియాలో బంగారు రేణువులు కలిసిన గులకమట్టి కొండలను పెద్ద పెద్ద నీటి గొట్టములతో కొట్టి కరగించెడివారు. బంగారము గనివారికి దక్కినది. బురద, రాళ్లు యూబా నదిలో కొట్టుకొని వచ్చి క్రింద శాక్రమెంటో లోయలోని చేలను, తోటలను కప్పివేసినవి. రైతులు కోర్టుకెక్కిరి. 1884లో న్యాయాధిపతి సాయర్ బురదను నదిలోనికి వదలుట మాన్పించెను. అచట కథ ముగియలేదు. 1893లో చట్టము చేసి మరల త్రవ్వుటకు అవకాశమిచ్చిరి; కాని అనుమతి పొందవలెను, బురద క్రిందికి రాకుండ ముందుగా అడ్డుకట్ట కట్టుకొనవలెను. ముందు కట్ట, తరువాత త్రవ్వకము. ఈ వరుస మనకు కావలెను.

మన చట్టములు ఏమి చెప్పుచున్నవి? ఖనిజములు రెండు తరగతులు. సిమెంటుకు పోవు సున్నపురాయి పెద్ద ఖనిజము. దానికి 2017 నాటి కేంద్ర నియమములు వర్తించును. వాని ప్రకారము పై మన్నును వేరుగా తీసి నిలువచేయవలెను. త్రవ్విన భూమిని క్రమముగా బాగుచేయుచు రావలెను. గని మూసివేయు పథకమును ముందే ఒప్పించుకొనవలెను. అందులకు పూచీ సొమ్ము చూపవలెను. ఇది మంచి నియమమే. కాని నాపరాయి, మొరము, ఇసుక చిన్న ఖనిజములు. వీనికి ఈ నియమములు వర్తింపవు. మన రాష్ట్రపు 1966 నాటి చిన్న ఖనిజముల నియమములు వర్తించును. ఐదు హెక్టార్ల లోపు చిన్న క్వారీలకు కూడ పర్యావరణ అనుమతి కావలెనని 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. గని త్రవ్విన భూమిలో మరల పశువుల మేత పెరుగునట్లు చేయవలెనని 2020 జనవరిలో అదే కోర్టు ఆదేశించినది. షరతులకు కొదువ లేదు. షరతు నెరవేరినదా అని గట్టు మీద నిలబడి చూచువారికే కొదువ. ఇక అనుమతియే లేని త్రవ్వకముల సంగతి వేరు. పిడుగురాళ్ల, దాచేపల్లి మండలములలో 2014-18 మధ్య జరిగెనన్న అక్రమ త్రవ్వకముల వ్యవహారము హైకోర్టు దాక పోయి, 2020లో సి.బి.ఐ. చేతికి వచ్చినది.

ఇప్పుడు మన్ను సంగతి. దీనిని లెక్కతో చూడుడు. ఎకరము 43,560 చదరపు అడుగులు. ఒక అడుగు లోతు పై మన్ను తీసినచో 43,560 ఘనపుటడుగులు. ట్రాక్టరు తొట్టికి నూరు ఘనపుటడుగులు వేసికొన్నను 435 తొట్లు అగును. ఆ మన్నును ఇటుక బట్టీకో, రోడ్డు పనికో తోలివేసిన తరువాత, పదియేండ్లకు మరల 435 తొట్లు కొని తెచ్చి పరచగల రైతు ఎవడు? అందుచేత ఆ మన్ను పొలము గట్టు దాటి పోరాదు. క్వారీ అంచుననే, వాన నీరు కోయని చోట, వేరుగా కుప్ప వేయవలెను. కుప్ప ఎత్తుగా పేర్చిన లోపలి మన్నుకు గాలి అందక, అందలి సూక్ష్మజీవులు నశించును. ఎత్తు తగ్గించి వెడల్పుగా పరచి, మీద జనుమో, జీలుగో చల్లవలెను. కుప్ప కొట్టుకొనిపోదు, మన్ను సారము నిలుచును. పైపొర, దాని క్రింది సున్నపు గరప రెండును కలిపి కుప్ప వేయుట అన్నిటికంటె పెద్ద తప్పు. సున్నపు గరప పైకి వచ్చిన చేనిలో భాస్వరము మొక్కకు అందక కట్టుబడిపోవును, జింకు లోపించును, లేత ఆకులు ఇనుపధాతు లోపముచేత తెల్లబారును. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లిన ఆకు కొంత పచ్చబడును గాని, అది ఆ పంటకు చేసిన చికిత్స, నేలకు కాదు.

గుంటలో ముందు రాతి చెత్త, దాని మీద గరప, అన్నిటికంటె పైన దాచిన నల్లమన్ను. ఈ వరుస తప్పరాదు. మొదటి రెండేండ్లు పచ్చిరొట్ట పైర్లు వేసి కలియదున్ని, పశువుల ఎరువు వేసి, తరువాత కందివంటి పంటకు పోవుట మేలు. మొదటి యేడే మిరప వేసి నష్టపడి, బాగుచేసిన నేల పనికిరాదనుట న్యాయము కాదు.

“గుంట ఉంటే నీళ్లుంటవి గదా, మందు కొట్టుకోను పనికివస్తవి” అని కొందరు రైతులు నాతో అన్నారు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని నిలువుగా కోసిన రాతి గోడల నడుమ ముప్పది అడుగుల నీరు చెరువు కాదు. దిగిన గేదె ఎక్కలేదు. ఈతకు పోయిన పిల్లవాడు పట్టుకొనుటకు గడ్డిపరక ఉండదు. దానిని నీటి గుంటగా ఉంచదలచినచో ఒక ప్రక్క వాలుగా కోయించి, మిగిలిన మూడు ప్రక్కల కట్ట, కంచె వేయించవలెను. ఇదియు పత్రములో ముందే వ్రాయించుకొనవలసినదే.

చెరువులు, వాగుల విషయములో మరింత జాగ్రత్త అవసరము. చిత్తడి నేలల రక్షణకు 2017లో కేంద్రము నియమములు చేసినది కాని, నదీ ప్రవాహములు, వరిపొలములు, సేద్యమునకు కట్టిన చెరువులు వాని పరిధిలోనికి రావు. కావున నాగులేటిని, చంద్రవంకను, ఊరి చెరువును ఆ నియమము కాపాడునని తలంచుట పొరపాటు. ఇసుకకు 2016 మార్గదర్శక సూత్రములు మూడు మీటర్లు గాని, నీటిమట్టము గాని, ఏది తక్కువైన అక్కడ ఆగమన్నవి. మన 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము కూడ కలదు. చెరువు ఒండ్రు తోలుకొనుట ఎర్రనేలలకు ఎంతయో మేలు. నేనే తోలుకొమ్మని చెప్పుచుందును. అయితే మెత్తని ఒండ్రు అయిపోయి పుట్టుమన్ను కనబడిన చోట పార నిలిపివేయవలెను. అది కోసినచో క్రింది పగుళ్లలోనికి నీరు ఇంకిపోయి, సంక్రాంతి నాటికే చెరువు ఎండును. ఒండ్రు పేరుతో మొరము తోలు బండ్లను గుర్తించుట గ్రామ ఉద్యోగులకు కష్టము కాదు; రంగు చూచిన చాలును.

గ్రామ రెవెన్యూ అధికారులకు, పంచాయతీ కార్యదర్శులకు ఒక మాట. లీజు దరఖాస్తు మీద “అభ్యంతరము లేదు” అని వ్రాయుటకు ముందు చేనికి పోయి, నాలుగు చోట్ల గొయ్యి తీయించి, పై మన్ను ఎన్ని అంగుళములున్నదో కొలిచి కాగితము మీద ఎక్కించుడు. గ్రామ వ్యవసాయ సహాయకుని వెంట తీసికొనిపొండు. మట్టి నమూనా అతడు పంపగలడు. ప్రక్క బావుల లోతు, వేసవిలో నీటిమట్టము కూడ వ్రాయుడు. రేపు తగవు వచ్చిన నాడు ఈ కాగితము తప్ప వేరు సాక్ష్యము ఉండదు. అట్టి నివేదిక లేనిదే చిన్న క్వారీకి అనుమతి ఇవ్వరాదని నియమముగా చేయవలెనని నా అభిప్రాయము. అదే విధముగా చిన్న క్వారీదారుల నుండి కూడ, ఎకరమునకు ఇంతయని పూచీ సొమ్ము బ్యాంకులో వేయించి, ఒక ముక్క పూడ్చి చూపినగాని రెండవ ముక్క త్రవ్వనీయరాదు. పాత గుంటల సంగతికి 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజ ఫౌండేషను నిధి కలదు. గనులున్న గ్రామముల మేలుకొరకే ఆ నిధి. ఏ సర్వే నంబరులో ఎంత లోతు గుంట ఉన్నదో, దానికి కంచె కలదో లేదో జాబితా వ్రాసి గ్రామసభ తీర్మానముతో పంపినచో, అడుగుటకు ఆధారముండును.

రైతు సోదరులు సమ్మతి పత్రము వ్రాయునప్పుడు అద్దె సొమ్ము పంక్తి క్రింద ఇంకొక పంక్తి వ్రాయించుకొనవలెను: పై మన్ను ఇన్ని అంగుళములు, ఫలానా గట్టున కుప్ప, ఫలానా తేదీ లోపల తిరిగి పరచుట. అంగీకరింపని క్వారీదారునితో బేరము అక్కడికి ఆపి, ఈ యేటికి కంది విత్తుకొనుడు.