దమ్ము వస్తే గుండెను కూడా చూపించుకోవాలి



మన వైపు "దమ్ము" అనే మాట ఎన్నిటికి వాడుతామో చూడండి. ధైర్యమున్నవాడు దమ్మున్నోడు. బీడీ ఒకసారి పీల్చితే ఒక దమ్ము లాగినట్లు. ఆయాసము వచ్చినా దమ్ము వస్తున్నదనే చెప్తాము. ధైర్యానికి మనకున్న ఇంకొక మాట గుండె. దమ్మున్నోడన్నా, గుండె గలవాడన్నా మనకు ఒకటే. మాటలో ఇంత దగ్గర చేసిన ఈ రెండింటిని జబ్బు వచ్చేసరికి విడదీస్తాము. దమ్ము వస్తే ఊపిరితిత్తులు, ఛాతిలో నొప్పి వస్తే గుండె, కాదంటే గ్యాస్ అని ఇంటి దగ్గరే తీర్పు చెప్పుకొని ఆసుపత్రికి వస్తారు. "సిస్టర్, గుండెకు ఏమీ లేదు, ఉత్త దమ్మే, ఒక సూది వేయించండి" అనే మాట మా ఓ.పి.లో వినని రోజు లేదు. ఉత్త దమ్ము అనేది లేదని మేము గట్టిగా చెప్పదలచుకున్నాము.

గుండె పిడికిలంత కండ. బయటికి ఒకటిగా కనిపించినా లోపల రెండు పంపులు. కుడి వైపు పంపు పని ఒక్కటే, ఒళ్ళంతా తిరిగి వాడిపోయిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపడము. అక్కడ 30 కోట్లకు పైగా సన్నని గాలి బుడగలున్నాయి. వాటి గోడ ఎంత పలుచనంటే రక్తము అక్కడ ఒక సెకను కూడా నిలవకుండానే ఆక్సిజన్ తీసుకొని, బొగ్గుపులుసు గాలిని వదిలిపెట్టి పోతుంది. శుభ్రమైన ఆ రక్తాన్ని ఎడమ వైపు పంపు తల నుండి కాలి వేళ్ళ దాకా తోస్తుంది. ఊరికే కూర్చున్న మనిషిలో ఎడమ వైపు నిమిషానికి సుమారు 5 లీటర్లు పంపుతుంది, కుడి వైపు కూడా సరిగ్గా అంతే పంపుతుంది. ఒక వైపు కొంచెము వెనుకబడినా లెక్క తప్పుతుంది. దిగువ మడికి నీళ్ళు పారకపోతే ఎగువ మడి నిండి గట్టు మీద పొర్లుతుంది కదా, అదే ఇక్కడ జరుగుతుంది.

ఈ సంగతి తెలియడానికి మనుషులకు చాలా కాలము పట్టింది. గుండె మధ్య గోడలో కంటికి కనబడని రంధ్రాలున్నాయని, వాటిలో నుండే రక్తము కుడి నుండి ఎడమకు పోతుందని వెయ్యి సంవత్సరాలకు పైగా వైద్యులు నమ్మారు. అది తప్పు, రక్తము ఊపిరితిత్తుల మీదుగానే పోతుందని 13వ శతాబ్దములో ఇబ్న్ అల్ నఫీస్ అనే అరబ్బు వైద్యుడు వ్రాశాడు. 1628లో ఇంగ్లాండులో విలియం హార్వే రక్తము ఒళ్ళంతా తిరిగి మళ్ళీ గుండెకే వస్తుందని నిరూపించాడు.

అయితే ఒక్క చోట మాత్రము గుండె మధ్య గోడలో నిజంగానే దారి ఉంటుంది. తల్లి గర్భములో ఉన్న బిడ్డకు. ఆ బిడ్డకు ఆక్సిజన్ మాయ నుండి అందుతుంది, ఊపిరితిత్తులకు ఇంకా పని లేదు. అందుకని రక్తములో ఎక్కువ భాగము ఆ దారి గుండా, ఇంకొక చిన్న నాళము గుండా ఊపిరితిత్తులను దాటుకొని పోతుంది. బిడ్డ పుట్టి కేర్‌మని ఏడ్వగానే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, రక్తము అటు మళ్ళుతుంది, ఎడమ వైపు ఒత్తిడి పెరిగి ఆ దారి తలుపు మూసుకుంటుంది. చిన్న నాళము కూడా రెండు మూడు రోజులలో మూసుకుపోతుంది. కాన్పు గదిలో బిడ్డ ఏడ్పు కోసము మేము చెవులు రిక్కించేది అందుకే. ఆదికాండము రెండవ అధ్యాయము మనిషి ప్రాణాన్ని ఊపిరితో ముడిపెడితే, లేవీయకాండము పదిహేడవ అధ్యాయము రక్తముతో ముడిపెట్టింది. ఇంత కాలము నర్సులుగా పనిచేసిన మాకు ఆ రెండు అధ్యాయాలు వేరు వేరు సంగతులు చెప్తున్నట్లు ఎన్నడూ అనిపించలేదు.

ఇప్పుడు జబ్బు విషయానికి వద్దాము. ఎడమ వైపు గుండె బలహీనపడితే ముందు నిండేది ఊపిరితిత్తులే. పగలు బాగానే ఉంటారు, రాత్రి పడుకోగానే దమ్ము వస్తుంది. లేచి కూర్చుంటే నయమనిపిస్తుంది. ఒక మెత్త చాలక రెండు మెత్తలు, తర్వాత గోడకు ఆనుకొని కూర్చొనే నిద్ర. ఇంట్లో వాళ్ళు చల్లగాలి పడలేదనుకుంటారు. నిజానికి అది గుండె పంపిన కబురు, ఊపిరితిత్తుల నోటితో. ఇక రెండవది దీనికి తలక్రిందులు. ఏండ్ల తరబడి పొగ వలన ఊపిరితిత్తులు చెడితే, వాటిలోకి రక్తము తోయలేక కుడి వైపు గుండె అలసిపోతుంది. అప్పుడు కాళ్ళకు వాపు వస్తుంది, ముంగాలు ఎముక మీద వేలితో నొక్కితే గుంట పడుతుంది, పొట్ట ఉబ్బుతుంది. "కాళ్ళకు నీరు దిగింది, కిడ్నీలేమో" అని పరీక్షల కోసము తిరుగుతారు. కిడ్నీలు చూపించుకోవడము మంచిదే, కాని చిన్నప్పటి నుండి బీడీ తాగిన మనిషి కాళ్ళు వాస్తే ముందుగా గుండెను, ఊపిరితిత్తులను కలిపి చూడాలి.

ఎల్లంతకుంట, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములో ఈ మాట చెప్పడానికి వేరే కారణము కూడా ఉన్నది. మన ఇండ్లలో బీడీలు చేయని తల్లి తక్కువ. ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు, తంబాకు ముందేసుకొని ప్రొద్దుటి నుండి కూర్చుంటుంది. తంబాకు దుమ్ము ముక్కులోకి పోతూనే ఉంటుంది. చాలా ఏండ్లు ఆమె వంట కట్టెల పొయ్యి మీద. సాంచాల మీద పనిచేసే భర్తకు నూలు దుమ్ము, దాని మీద బీడీ పొగ. ఆ పొగలోని విషవాయువు రక్తములో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట కూర్చుంటుంది, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఒకే బీడీ ఊపిరితిత్తుల గోడలను తింటుంది, గుండె రక్తనాళాలనూ మూస్తుంది.

మాకు ఎక్కువ దిగులు ఆ తల్లి గురించి. భర్తకు దమ్ము వస్తే సాంచా ఆగుతుంది కాబట్టి ఇంటిల్లిపాదికి తెలుస్తుంది. ఆమె పని కూర్చొని చేసేది. కూర్చున్న మనిషికి ఆయాసము బయటపడదు. బోరింగు నుండి బిందె ఎత్తినప్పుడో, మిద్దె మెట్లు ఎక్కినప్పుడో, ఆదివారము గుడికి నడిచి వచ్చినప్పుడో ఆగి ఆగి వస్తుంది. "వయసు మీద పడ్డది" అంటుంది. నలభై ఏండ్లకు ఏమి వయసు? మా ఓ.పి.లో అలాంటి తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి నాడి చూస్తే అంతా బాగానే ఉంటుంది. వరండాలో ఆ చివర నుండి ఈ చివరకు నాలుగు సార్లు నడిపించి మళ్ళీ చూస్తే అప్పుడు తేలుతుంది. నడిపించకుండా ఆయాసము లేదని వ్రాయవద్దని మా పిల్ల నర్సులకు మేము చెప్పే మాట ఇదే. బీడీ కార్మికులకు 2015లో మొదలైన పెన్షను కాగితాలను బీరువాలో ఎంత జాగ్రత్తగా దాచుకుంటారో, ఈ.సి.జి. కాగితాన్ని కూడా అంత జాగ్రత్తగా దాచుకుంటే బాగుండును. అది మాత్రము ప్రతిసారి ఇంట్లోనే మరచి వస్తారు!

రక్తము తక్కువైనా దమ్ము వస్తుందని మరువవద్దు. ఆక్సిజన్ మోసే ఎర్ర రక్తము ఆడవారిలో 12 గ్రాములుండాలి. ఏడుకో ఎనిమిదికో పడిపోతే ఆ లోటు పూడ్చడానికి గుండె పరుగెత్తుతుంది. ఇక చిన్నతనములో గొంతు నొప్పి, ఆ తర్వాత కీళ్ళ వాపు వచ్చిన ఆడపిల్లలలో కొందరికి గుండె కవాటము ఇరుకైపోతుంది. పెండ్లి దాకా ఏమీ తెలియదు. గర్భవతికి రక్తము మామూలు కంటే దాదాపు సగము పెరుగుతుంది. ఆ రక్తము ఇరుకు కవాటము దాటలేక ఊపిరితిత్తులలో నిలుస్తుంది. "కడుపుతో ఉన్నప్పుడు ఆయాసము మామూలే" అని అత్తలు చెప్పే మాట అన్నిసార్లూ నిజము కాదు. నిండు నెలల కోడలు పడుకోలేకపోతుంటే ఆ రాత్రే తీసుకొని రండి.

ఊళ్ళో వేసే సూది మీద కూడా మా అభిప్రాయము చెప్పాలి. ఆ సూదితో రెండు రోజులు హాయిగా ఉంటుంది, కాదనము. కాని దమ్ము గుండెది అయితే ఆ రెండు రోజులు నష్టపోయినట్లే. మాటిమాటికి వేసుకుంటే షుగరు, బీపీ పెరిగి ఆ గుండెకే బరువవుతుంది. నోటితో పీల్చే పంపు అంటే మాత్రము "అలవాటు పడుతుంది" అని భయపడతారు. పంపుకు ఎవరూ అలవాటు పడరు. మందు ఊపిరితిత్తులకే నేరుగా పోతుంది, ఒంటికి తక్కువ తగులుతుంది. ఇంకొక పొరపాటు చాలా ఇండ్లలో చూస్తున్నాము. పంపు ఇచ్చారు కాబట్టి గుండె బిళ్ళలు మానేస్తారు, గుండె బిళ్ళలు మొదలైతే పంపు పక్కన పెడతారు. రెండూ వ్రాసిచ్చారంటే రెండూ కావాలనే.

కరోనా కాలములో, 2020, 2021లలో, వేలికి పెట్టే ఆక్సిజన్ యంత్రము చాలా ఇండ్లకు వచ్చింది. మంచిదే. అది 97 చూపిస్తే గుండె బాగున్నదని మాత్రము అనుకోవద్దు. మొదట్లో గుండె ఎంత కష్టపడి ఆ 97 నిలబెడుతున్నదో యంత్రము చెప్పదు. 94 కంటే తగ్గితే ఇంట్లో ఉండకూడదు. పెదవులు నీలమైనా, మాట పూర్తి చేయలేకపోయినా 108కు ఫోను చేయండి, మనిషిని పడుకోబెట్టవద్దు, కూర్చోబెట్టండి.

డబ్బు సంగతి ఎత్తుతారని తెలుసు. ఛాతి ఎక్స్‌రే, ఈ.సి.జి., రక్త పరీక్ష, ఈ మూడింటితో చాలా వరకు తేలుతుంది. కవాటము ఆపరేషను వంటి పెద్ద ఖర్చుకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉన్నది, మన రాష్ట్రములో 2023 డిసెంబరు నుండి దాని పరిమితి కుటుంబానికి 10 లక్షలు. మాతో వచ్చేటప్పుడు పాత చీటీలన్నీ, వాడుతున్న బిళ్ళల పొట్లాలు, పంపు ఒకే సంచిలో తెండి. పంపు ఎలా పీలుస్తున్నారో మా ముందు ఒకసారి పీల్చి చూపించండి. చాలామంది మందును నాలుక మీదనే కొట్టుకుంటున్నారు.