బోరు బండికి నీళ్లతో పని లేదు

మన సీమలో బోరు ఎండిపోని ఊరు వెతకడం కష్టం. తమిళనాడు తిరుచెంగోడు బండి ఒకటి వస్తుంది, రాత్రంతా చెవులు గింగురుమంటాయి, తెల్లారేసరికి చేను నిండా తెల్లటి దుమ్ము. లెక్క మాత్రం అడుగుల్లోనే. 300 అడుగులకే నీళ్లు చిమ్మినా, 900 అడుగులు పోయినా చుక్క పడకపోయినా, తవ్విన ప్రతి అడుగుకూ బండి ఓనరుకు డబ్బులు కట్టాల్సిందే. నీళ్లు పడ్డాయా లేదా అనేది ఆయన సమస్య కాదు.

గూగుల్ యాడ్స్ కూడా అంతే. అడుగు బదులు క్లిక్కు, అంతే తేడా.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన కాలమ్‌కు ఈ మధ్య కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప వైపు నుంచి ఒకటే రకం మెసేజ్‌లు. "అన్నా, డిజిటల్ ప్రొడక్ట్స్ రీసెల్ చేస్తే గూగుల్ యాడ్స్‌తో నెలకు లక్ష వస్తుందంట. మెంటర్ ఫీజు 4,999. కట్టొచ్చా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ అయిపోయి, రూములో ఉండి డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుకుంటున్నవాళ్లు. ఆ 4,999 ఇంటి నుంచి వచ్చిన రూము అద్దె, మెస్ డబ్బు. అందుకే కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం.

ముందు, ఈ వ్యాపారం అబద్ధం కాదు. పాతికేళ్ల పాతది కూడా. క్లిక్‌బ్యాంక్ అనే అమెరికా సంస్థ 1998లోనే ఈ-బుక్కులు, సాఫ్ట్‌వేర్లు వేరేవాళ్లతో కమీషన్ మీద అమ్మించడం మొదలుపెట్టింది. 2000 అక్టోబరులో గూగుల్ 350 మంది ప్రకటనదారులతో యాడ్‌వర్డ్స్ తెచ్చింది. ఈ రెండూ కలిసినాక ఒక దారి తెరుచుకుంది. ఎవరో తయారుచేసిన ఈ-బుక్కుకు మీరు గూగుల్‌లో యాడ్ వేస్తారు, క్లిక్కుకు పది సెంట్లు కడతారు, అమ్ముడైతే ఇరవై డాలర్లు కమీషన్. సొంత వెబ్‌సైట్ కూడా అక్కర్లేదు, యాడ్ నుంచి నేరుగా కంపెనీ పేజీకి పంపొచ్చు. కొందరు బాగానే సంపాదించారు. ఒకే పేజీకి పదిమంది యాడ్‌లు వేస్తుంటే 2005 జనవరిలో గూగుల్ అడ్డు వేసింది: ఒక వెతుకులాటకు ఒక వెబ్ చిరునామా తరఫున ఒక్క యాడే. సులువు డబ్బుకు తలుపు సగం మూసుకుంది అప్పుడే. యాడ్‌వర్డ్స్‌కు 2018లో గూగుల్ యాడ్స్ అని పేరు మారింది. మీ మెంటర్ 'కొత్త సీక్రెట్' అంటున్నది మీరు పుట్టకముందో, ఎల్‌కేజీలో ఉన్నప్పుడో మొదలైన కథ.

మరి సెర్చ్ యాడ్‌కే ఎందుకంత పేరు? ఇన్‌స్టాలో రీల్ చూస్తున్నవాడికి మధ్యలో యాడ్ వేస్తే వాడికి కొనే ఆలోచనే ఉండదు. గూగుల్‌లో 'జీఎస్టీ బిల్లు ఎక్సెల్ ఫార్మాట్' అని కొట్టినవాడికి ఆ అవసరం ఆ నిమిషంలో ఉంది. జేబులో చెయ్యి పెట్టడానికి సగం సిద్ధంగా ఉన్నాడు. ఆ మనిషి ముందు నిలబడటానికే వేలం. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి వేలంలాగా ఎక్కువ పాడినవాడికే దక్కుతుందనుకోవద్దు. ఇక్కడ మీ పాటతో పాటు మీ యాడ్, మీ పేజీ వెతికినవాడికి ఎంత పనికొస్తాయనేది కూడా గూగుల్ చూస్తుంది. పేజీ చెత్తగా ఉంటే అదే స్థానానికి మీరు పక్కవాడికంటే ఎక్కువ కట్టాలి.

ఇప్పుడు అసలు లెక్క. రీల్స్‌లో ఎవరూ చూపించని లెక్క ఇది. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసుకోండి.

మీరు 199 రూపాయల టెంప్లేట్ ప్యాక్ అమ్ముతున్నారు అనుకుందాం. క్లిక్కు 4 రూపాయలు పడుతోంది. 100 క్లిక్కులకు 400. దానిమీద జీఎస్టీ 18 శాతం, అంటే 72. మొత్తం 472. మీకు జీఎస్టీ నంబరు లేకపోతే ఆ 72 వెనక్కి రాదు, అది మీ ఖర్చే. పేమెంట్ గేట్‌వే 2 శాతం తీసుకుంటే, దానిమీద మళ్లీ జీఎస్టీ కలిపి ఒక్కో అమ్మకానికి 4 రూపాయల 70 పైసలు పోతుంది. చేతికొచ్చేది 194 రూపాయల 30 పైసలు.

100 మందిలో ఇద్దరు కొన్నారు. మీకు వచ్చింది 388 రూపాయల 60 పైసలు. పోయింది 472. నష్టం 83 పైచిలుకు. ముగ్గురు కొంటే లాభం 111. ఆ ముగ్గురిలో ఒకడు 'ఫైల్ ఓపెన్ కావట్లేదు బ్రో, డబ్బులు వెనక్కి ఇవ్వు' అన్నాడంటే మళ్లీ నష్టంలోకి. చూశారుగా, లాభానికీ నష్టానికీ మధ్య ఉన్నది ఒక్క మనిషి. ఈ 199 రూపాయల సరుకుకు నూటికి ఇద్దరే కొంటారని తెలిస్తే, మీరు పెట్టగలిగిన క్లిక్కు ధర 3 రూపాయల 29 పైసలు దాటకూడదు. ఇందులో మీ కూలి లేదు, సరుకు కొన్న ధర లేదు.

ఇంకో తిరకాసు. నిజంగా నూటికి ఇద్దరు కొనే సరుకైనా, మొదటి 100 క్లిక్కుల్లో ఒక్కడూ కొనకపోయే అవకాశం 13 శాతం. అదృష్టం బాగుంటే మొదటి వందలోనే అయిదుగురు కొనొచ్చు కూడా. ఆ అయిదుగురి స్క్రీన్‌షాటే మీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం వంగి వెతికే జనాన్ని చూసే ఉంటారు. వజ్రం దొరికినాయన పేపర్లో పడతాడు. పొద్దంతా వెతికి నడుం పట్టుకొని ఉత్త చేతులతో బస్సెక్కినవాళ్ల ఫొటో ఏ పేపరూ వేయదు.

ఇవన్నీ విన్నాక కూడా 'ఒకసారి చేసి చూస్తా' అనేవాళ్లుంటారు. తప్పేం లేదు. కానీ డబ్బు కారిపోయే చిల్లులు ముందు మూయండి. రోజుకు 300 బడ్జెట్ అని పెడితే గూగుల్ 300 దగ్గర ఆగుతుందని అనుకోవద్దు. ఒక రోజు దానికి రెట్టింపు, అంటే 600 వరకు వాడొచ్చు. నెల మొత్తానికి మాత్రం 30.4 రెట్లు, అంటే 9,120 దాటనివ్వదు. చేతిలో 1,500 మాత్రమే ఉన్నవాడు ఇది తెలియకుండా దిగితే మూడో రోజుకే ఖాళీ. ఊరి సెట్టింగ్ ఇంకో చిల్లు. కడప అని పెట్టారు సరే, కానీ మొదట్లో ఉండే ఎంపిక ప్రకారం 'కడపలో ఉన్నవాళ్లు' మాత్రమే కాదు, 'కడప మీద ఆసక్తి చూపినవాళ్లు' కూడా వస్తారు. ఎక్కడో కూర్చుని కడప దర్గా గురించి వెతికినవాడికి మీ యాడ్ ఎందుకు? ఆ ఎంపిక మార్చండి. డిస్‌ప్లే నెట్‌వర్క్ టిక్కు తీసేయండి, లేకపోతే మీ సెర్చ్ డబ్బు ఎక్కడెక్కడి వెబ్‌సైట్లు, యాప్‌లలోనో కనిపించే బొమ్మల యాడ్లకు పోతుంది.

అన్నిటికంటే పెద్ద చిల్లు 'ఫ్రీ'. మనవాళ్లు గూగుల్‌లో ఏది వెతికినా చివర 'ఫ్రీ పీడీఎఫ్', 'ఫ్రీ డౌన్‌లోడ్' అని కలుపుతారు (నేనూ కలుపుతాను, మీరూ కలుపుతారు). వాడు క్లిక్కు నొక్కుతాడు, 199 చూసి వెనక్కి పోతాడు, మీ 4 రూపాయలు పోయినట్టే. ఫ్రీ, ఉచితం, క్రాక్, మోడ్ ఏపీకే లాంటి మాటలన్నీ నెగెటివ్ కీవర్డ్స్‌లో పెట్టాలి. వారానికోసారి కాదు, మొదట్లో రోజూ సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరిచి, జనం నిజంగా ఏం కొట్టి మీ దగ్గరికి వచ్చారో చదవాలి. బోరు పొడి అడుగడుక్కీ కుప్పలు పోయించి, రంగు చూసుకునే రైతు పనే ఇది.

ఇక సరుకు సంగతి. నాకు భయం వేసేది ఇక్కడే.

మెసేజ్‌లలో 'ఏం అమ్ముతున్నావప్పా' అని తిరిగి అడిగితే వచ్చే జవాబులు: ఫలానా కోచింగ్ సెంటర్ నోట్స్ పీడీఎఫ్, ఎవరో అమ్ముతున్న వీడియో కోర్సు డ్రైవ్ లింకు, 99కి విండోస్ కీ, 49కి ఓటీటీ అకౌంట్. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పటి హడావిడి గుర్తుందా? అలాంటి సీజన్ రాగానే ఈ పీడీఎఫ్ వ్యాపారం ఊపందుకుంటుంది. కోచింగ్ సెంటర్ పుస్తకం స్కాన్ చేసి అమ్మడం రీసెల్లింగ్ కాదు, కాపీరైట్ ఉల్లంఘన. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. 'టెలిగ్రామ్‌లో మన పేరు ఎవరికి తెలుస్తుందిలే' అంటారా? ఇంగ్లీష్ పాఠాలు చెప్పే నీతూ సింగ్ తన వీడియోలు, పుస్తకాలు టెలిగ్రామ్ చానళ్లలో తిప్పుతున్నారని కోర్టుకు వెళ్తే, 2022 ఆగస్టు 30న ఢిల్లీ హైకోర్టు ఆ చానళ్లు నడిపేవాళ్ల ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రసులు ఇవ్వమని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. టెలిగ్రామ్ ఇచ్చింది కూడా.

జైలు దాకా ఎందుకు, బ్యాంకు సంగతే చూడండి. 99కి అమ్మిన కీ రెండు రోజులకు పనిచేయడం మానేసింది. కొన్నవాడు 1930కి ఫోన్ చేశాడు, లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాడు. ఆ 99 మీ ఖాతాలోకి వచ్చింది కాబట్టి మీ ఖాతా మీద హోల్డ్ పడొచ్చు. కొన్నిసార్లు ఆ మొత్తానికే, కొన్నిసార్లు ఖాతా మొత్తానికి. ఫిర్యాదు ఏ రాష్ట్రంలో నమోదైతే ఆ పోలీసులతోనే తేల్చుకోవాలి. మనలో చాలామంది వాడేది స్కాలర్‌షిప్పు పడే ఖాతా, లేదా అమ్మ ఖాతాకు లింకైన యూపీఐ. అందులో డ్వాక్రా డబ్బు ఉంటే? 99 రూపాయల అమ్మకానికి ఇంటి ఖాతా ఇరుక్కోవడం ఏం వ్యాపారం?

మెంటర్ల గురించి కూడా ఒక మాట. బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా తిరిగే ఆయన ఉంటాడు కదా, కాయ నిలబడిన చోట నీళ్లుంటాయని. ఆయన ఫీజూ ముందే ఇవ్వాలి. పడకపోతే మీ అదృష్టం. నేర్పేవాళ్లందరూ మోసగాళ్లని అనను, కానీ ఒకటి గమనించండి: కోర్సులో అమ్మమని ఇచ్చే 'డిజిటల్ ప్రొడక్ట్' ఏమిటి? చాలాచోట్ల అది ఆ కోర్సే. మీరు 4,999 కట్టి, ఇంకో నలుగురితో కట్టించాలి. ఇది మనకు కొత్త కాదు. 2019 ఆగస్టులో సైబరాబాద్ పోలీసులు నోయిడాకు చెందిన ఈబిజ్ కంపెనీ మీద కేసు పెట్టి పెద్దలను అరెస్టు చేశారు. అక్కడా పైకి కనిపించింది డిజిటల్ సరుకే, సుమారు 17 వేల రూపాయల ఈ-లెర్నింగ్ ప్యాకేజీ. చేరినవాళ్లలో కాలేజీ పిల్లలు ఎక్కువ. ఆదాయమంతా కొత్త సభ్యులను చేర్పించడంలోనే ఉందన్నది పోలీసుల ఆరోపణ. ఇలాంటి గొలుసు పథకాలకు 1978 నుంచే నిషేధ చట్టం ఉంది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కూడా పిరమిడ్ పథకాలను వద్దన్నాయి. గొలుసులో చేర్పించినవాడిగా మీ పేరూ అందులో ఉంటుంది. మీరు చేర్పించేది మాత్రం పక్క రూము స్నేహితుణ్ణి.

మరి సక్రమంగా అమ్మడానికి ఏమీ లేదా? ఉంది. రీసేల్ హక్కు రాతపూర్వకంగా ఇచ్చే టెంప్లేట్లు ఉన్నాయి, కమీషన్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉన్నాయి. లైసెన్సు పేజీ మొత్తం చదవండి; కొందరు అమ్మనిస్తారు కానీ తమ పేరు మీద గూగుల్‌లో యాడ్ వేయనివ్వరు. ఇంకా మంచిది, మీ చుట్టూ ఉన్న పని నుంచి సరుకు తయారుచేయడం. కడప బండల ఫ్యాక్టరీలో, బేతంచెర్ల పాలిష్ యూనిట్‌లో చదరపు అడుగుల లెక్క ఇప్పటికీ చాలామంది చిట్టా పుస్తకంలో రాస్తారు. రాయి సైజు, ముక్కల సంఖ్య కొడితే అడుగులు, లారీ బాడుగ, బిల్లు వచ్చే ఎక్సెల్ షీటు తెలుగులో చేస్తే కొనేవాళ్లుంటారని నా నమ్మకం.

కానీ దానికి గూగుల్ యాడ్ వేయొద్దు. గూగుల్ కీవర్డ్ ప్లానర్ ఉచితమే, తెరిచి చూడండి. నెలకు పదిమంది కూడా వెతకని మాటకు యాడ్ పెడితే 'వెతికేవాళ్లు తక్కువ' అని అదే ఆపేస్తుంది. అలాంటి సరుకును ఫోన్‌లో వేసుకొని నాలుగు ఫ్యాక్టరీలు తిరిగి చూపించడమే మేలు, పెట్రోలు ఖర్చుతో పోతుంది. దేశమంతా వెతికే 'ఇన్‌వాయిస్ టెంప్లేట్' లాంటి మాటలకేమో మీకంటే లోతైన జేబులున్న కంపెనీలు పాడుతుంటాయి. మీరు నెగ్గగలిగే చోటు ఈ రెండింటికీ మధ్య, చాలా సన్నటి జాగా. దాన్ని వెతకడానికే నెల పడుతుంది, దానికి రూపాయి ఖర్చు లేదు.

4,999 గురించి అడిగినవాళ్లకు: కట్టేముందు ఆ అన్నను ఒక్కటి అడగండి. లాభం స్క్రీన్‌షాట్ వద్దు, మీరు చూస్తుండగా ఆయన గూగుల్ యాడ్స్ అకౌంట్ తెరిచి, పోయిన మూడు నెలల ఖర్చు, సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ చూపించమనండి. పక్కనే గేట్‌వేలో అవే నెలల అమ్మకాలు, రీఫండ్లు. చూపిస్తే ఏం కనిపించిందో నాకూ రాయండి, వచ్చే వారం కలిసి లెక్క వేద్దాం. బ్లాక్ చేస్తే ఆ 4,999తో ముందు రూము అద్దె కట్టేయండి.