కెమెరాకు రాణివాసమెందుకు?

ఈ మధ్య ఒక మిత్రుడు చిన్న కెమెరా కొన్నాడు. చొక్కా జేబులో పట్టే రకం. కొన్న మరునాడే నాకు ఫోను చేసి, "దీనికి మంచి సంచి ఏదో చెప్పు" అన్నాడు. సంచితో ఆగలేదు. తోలు తొడుగు, మెడపట్టీ, విడి బ్యాటరీలకు డబ్బా, కార్డులకు పర్సు, వీటన్నిటినీ ఇముడ్చుకొనే మరో పెద్ద సంచి – జాబితా అంతా సిద్ధం చేసుకొనే ఉన్నాడు. "ఇంత మోయగలిగినవాడివి పెద్ద కెమెరానే కొనవలసింది కదా నాయనా!" అన్నాను. నొచ్చుకున్నాడు. అతనికి సంజాయిషీగా మొదలుపెట్టిన ఈ టపా రాస్తూండగానే వాదంగా మారింది. మారినందుకు నాకు విచారమేమీ లేదు.

నా వాదం ఇది: చిన్న కెమెరాకు సంచి అక్కరలేకపోవటమే కాదు, సంచి దానికి కీడు చేస్తుంది.

అసలు చిన్న కెమెరా పుట్టినదే మోతబరువు మీది విసుగుతో. జర్మనీలో లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ ఉబ్బసంతో బాధపడేవాడు. గాజుపలకల కెమెరాను, దాని సరంజామాను మోసుకు తిరగలేక, సినిమా ఫిల్మును వాడుకొనే చేతి కెమెరా నమూనాను 1914 నాటికి తయారుచేశాడు. 1925లో అది లైకా పేరుతో అంగడిలోకి వచ్చింది. తరువాత ఏం జరిగింది? మోత తగ్గించటానికి పుట్టిన వస్తువుకు జనం తోలు కవచం తొడిగారు. ఆ కవచాలకు అమ్మకందారులు పెట్టిన పేరు 'ఎవర్ రెడీ కేస్'. వాడి విసిగినవారు దానికి పెట్టిన ముద్దుపేరు 'నెవర్ రెడీ కేస్'. బొత్తాము విప్పి, మూత వెనక్కు వాల్చి, లెన్సు మూత తీసి, కంటికి ఆనించేసరికి ఎదుటి దృశ్యం ఇంటికి వెళ్ళి భోజనం చేసి పడుకొని ఉంటుంది.

ఈ జబ్బును సరిగ్గా పట్టుకున్న వైద్యుడు జపానులో ఒకాయన ఉండేవారు, ఒలింపస్ సంస్థ రూపకర్త యొషిహిసా మైతానీ. 1979లో వచ్చిన ఆయన ఎక్స్ఏ కెమెరాకు విడి మూత లేదు, తొడుగు అవసరమూ లేదు. ముందున్న తలుపును పక్కకు జరిపితే కెమెరా సిద్ధం, తిరిగి మూస్తే జేబులోకి సిద్ధం. తలుపే మూత, తలుపే తొడుగు. నేటి జేబు కెమెరాలు అనేకం ఆ బాటలోనివే. 2012 నాటి సోనీ ఆర్ఎక్స్100 కానీ, 2019 నాటి రికో జీఆర్ 3 కానీ ఆపివేయగానే లెన్సును లోపలికి ముడుచుకొని తమ రెప్పలు తామే వాల్చుకుంటాయి. బ్యాటరీతో సహా మొదటిది 240 గ్రాములు, రెండవది 257 గ్రాములు. ఇంత పొదుపుగా గీసి కూర్చిన వస్తువును తెచ్చి మూడు జిప్పుల వెనుక దాచటం, దాన్ని చేసినవాని పనిని వెక్కిరించటమే.

ఇంత ఆవేశం దేనికంటారా? ఒకప్పుడు నేనూ సంచిమనిషినే.

మా అమ్మమ్మకు ఫోటో అంటే గిట్టదు. కెమెరా కనపడితే చాలు, కొంగు సర్దుకొని, పెదవులు బిగించి, కోర్టులో సాక్ష్యం చెప్పేదానిలా నిలుచునేది. ఒక సంక్రాంతినాటి ఉదయం హరిదాసు వాకిట్లోకి వచ్చాడు. ఆయన మోకరిల్లగా, అమ్మమ్మ దోసిలితో పాత్రలో బియ్యం పోస్తోంది. చెయ్యి వణికి సగం బియ్యం ఆయన మెడలోని పూలదండ మీద పడ్డాయి. అమ్మమ్మ నవ్వింది. బోసినోటితో, చిన్నపిల్లలా, పగలబడి నవ్వింది. నేను లోపలికి పరుగెత్తాను. మంచం మీద సంచి. పై జిప్పు. లోపల వెల్క్రో. దాని లోపల మెత్తటి తిత్తి. తిత్తి నుండి లాగితే మెడపట్టీ చిక్కుపడింది. బయటికి వచ్చేసరికి హరిదాసు రెండిళ్ళు దాటిపోయాడు. అరుగు మీద కూర్చుని అమ్మమ్మ అన్నది: "ఏమిట్రా అది, ఉల్లిపాయ వలిచినట్టు వలుస్తున్నావు?"

మరుసటి సంక్రాంతికి అమ్మమ్మ లేదు. మా ఇంట్లో గోడ మీద ఉన్నది గుర్తింపు కార్డు నుండి పెద్దది చేయించిన ఫోటో. అందులో ఆమె సాక్ష్యం చెబుతూనే ఉన్నది. ఆ రోజు నా కెమెరా మీద ఒక్క గీత కూడా పడలేదు. సంచి తన పని తాను చక్కగా చేసింది.

అమ్మమ్మకు మాత్రం ఈ విద్య పుట్టుకతోనే తెలుసు. ఆమె తాళపుచెవుల గుత్తి ఎన్నడూ సంచిలో లేదు, రొండినే దోపి ఉండేది. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుని కత్తి నడుముననే ఉంటుంది. గాంధీగారి గడియారమూ నడుముననే వేలాడేది. పదేపదే అవసరమయ్యే పనిముట్టు ఒంటిని అంటుకొని ఉండాలని మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

సరే, ప్రతివాదుల ప్రశ్నలకు వద్దాం.

"క్రింద పడితే?" అంటారు. సంచి నుండి తీసేటప్పుడో, పెట్టేటప్పుడో జారే కెమెరాను సంచి ఆపలేదు. ఆపగలిగేది మణికట్టుకు వేసే తాడు. పక్కనున్న చిన్న రంధ్రంలోకి సన్నని గట్టి నైలాను ఉచ్చు, దానికొక అల్లికతాడు, అంతే. ఇనుప రింగు వద్దు, ఒళ్ళంతా గీతలు పెడుతుంది. చెయ్యి దూరాలి, వదిలితే జారిపోకూడదు – అదే కొలత. ఉచ్చు రంధ్రపు అంచు దగ్గర అరుగుతుంది కనుక అప్పుడప్పుడు చూసుకొని మార్చాలి. మెడపట్టీ మాత్రం ఈ కెమెరాలకు నప్పదు. నడిచేటప్పుడు కడుపు మీద తాళం వేస్తుంది, జేబులో పెట్టబోతే పామై చుట్టుకుంటుంది.

"దుమ్మో?" ఈ ప్రశ్నకు తల వంచుతున్నాను. లెన్సు బయటికి సాగి లోపలికి ముడుచుకున్నప్పుడల్లా గాలి కూడా రాకపోకలు చేస్తుంది. జేబులోని నూలుపీచు ఆ గాలితోపాటు లోపలికి చేరి సెన్సారు మీద కూర్చుంటే, విప్పించి తుడిపించటం ఖరీదైన వ్యవహారం. అందుకు నా మందు ఒక్క పొర తిత్తి. పాత పట్టుచీర ముక్క తీసుకొని, జరీ ఉన్న భాగం వదిలేసి, మా వీధి దర్జీ చేత కుట్టించాను. జరీ గీరుతుంది, నూలు పీచు రాలుస్తుంది, పట్టుకు ఆ రెండు దోషాలూ అంతగా లేవు. జిప్పు లేదు, మూత లేదు. పైకి లాగితే కెమెరా చేతిలో ఉంటుంది. కుట్టుకూలి నలభై రూపాయలు.

"తేమ, బూజు?" మన కోస్తా ఊళ్ళలో ఇది నిజమైన శత్రువే. అయితే తోలు తొడుగు ఆ శత్రువుకు అన్నం పెట్టే చుట్టం. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది, లోపల చీకటి, గాలి ఆడదు, బూజుకు ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు. వాడని రోజుల్లో కెమెరాను బిగుతు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. అది ఇంట్లో చేసే రక్షణ, వీధిలో మోసేది కాదు. వానకైతే ఒక జిప్పు ప్లాస్టిక్ కవరు మడిచి వెనుక జేబులో ఉంచుకుంటే సరిపోతుంది.

"దొంగలు?" కెమెరా సంచి అన్నది 'లోపల విలువైనది ఉన్నది' అని వీధి వీధికీ చాటే దండోరా. జేబులోని కెమెరా సంగతి జేబుకు మాత్రమే తెలుసు.

విడి బ్యాటరీ విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. తాళపుచెవులతో, చిల్లరతో కలిపి జేబులో వేస్తే కొసలు కలిసి వేడెక్కి నిప్పు అంటుకోవచ్చు. దానికొక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉండి తీరాలి.

ఇప్పుడు రెండో శత్రువు గురించి. ఇతడు మిత్రుని వేషంలో వస్తాడు. పేరు 'మినిమలిజం'. తక్కువ ఉండటమే సుఖమని ప్రవచించి, ఆ తక్కువను ఎక్కువ ధరకు అమ్ముతాడు. చేత్తో కుట్టిన తోలుపట్టీ, జపాను పట్టుతాడు, ఏ పనీ చేయని ఇత్తడి బొత్తాము. ఒక్కొక్కటి విడిగా చూస్తే చిన్నదే, అందమైనదే. అయిదు కొన్న తరువాత వాటిని దాచటానికి ఆరోది కావాలి. సంచి పిచ్చి కనీసం భయం నుండి పుట్టింది, భయాన్ని క్షమించవచ్చు. ఈ పిచ్చి మాత్రం కొనుగోలును వైరాగ్యమని భ్రమింపజేస్తుంది. కాషాయం కూడా కొత్త రంగుల్లో కొనుక్కొనే సన్యాసి ఏం వదిలినట్టు?

చివరిగా ఒక మాట. లెన్సు బిగించి ఉన్న కెమెరాలు 2010లో ప్రపంచమంతటికీ పది కోట్లకు పైగా తయారై వెళ్ళాయి. 2023 నాటికి ఆ లెక్క ఇరవై లక్షల లోపుకు పడిపోయింది. ఫోను మింగేసిందని అందరం అంటాము. ఫోను గెలిచిన కారణాలు చాలా ఉన్నాయి కానీ, వాటిలో ఒకటి మనం పట్టించుకోము. ఫోనును ఎవరూ సంచిలో మోయరు. అది ఎప్పుడూ చేతిలోనో జేబులోనో ఉంటుంది. మంచి లెన్సును జిప్పు వెనుక పడుకోబెట్టి, చేతిలో ఉన్న దానితో ఫోటో తీసి, 'చిన్న కెమెరాల కాలం చెల్లింది' అని నిట్టూర్చటంలో న్యాయం లేదు.

గీతలు పడనివ్వండి. మూలలు అరగనివ్వండి. వంటింటి అట్లకాడకు మచ్చలు ఉన్నాయని ఎవరూ దాన్ని బీరువాలో దాచరు. కెమెరాను కొత్తగా ఉంచి అమ్ముకుంటే నాలుగు డబ్బులు ఎక్కువ రావచ్చు. వాకిట్లో నవ్విన మనిషి నవ్వు ఏ ధరకూ తిరిగి రాదు.

మిత్రుడు తన జాబితాలో నాలుగు కొట్టివేశాడట. సంచి మాత్రం ఉంచుకుంటానంటున్నాడు. అతని పక్షాన వాదించదలచినవారు నిస్సంకోచంగా వాదించండి, వింటాను. అయితే ఒక్క షరతు. ముందుగా చెప్పండి: ఈ క్షణాన మీ కెమెరా ఎక్కడ ఉన్నది?