పచ్చ కాన్యులానా, గులాబీ కాన్యులానా?

సీటీ స్కాన్ అనగానే అందరం మెషీన్ గురించే మాట్లాడుకుంటాం. 64 స్లైసా, 128 స్లైసా, ఏ కంపెనీది అని. చేతికి గుచ్చే ఆ చిన్న ప్లాస్టిక్ గొట్టం గురించి ఎవరూ పట్టించుకోరు. కాంట్రాస్ట్ స్కాన్‌లో పేషెంటు పడే బాధ చాలావరకు అక్కడే ఉంటుందని నా అభిప్రాయం. నేను డాక్టర్ని కాదు, కోడు రాసుకు బతికేవాణ్ణి. కానీ ఇందులో సగం వైద్యమైతే, మిగతా సగం మనం బీటెక్‌లో బట్టీపట్టి, పరీక్షవగానే మర్చిపోయిన ఫ్లూయిడ్ మెకానిక్సే.

సంగతేమిటంటే, రక్తనాళాలు స్కాన్‌లో తెల్లగా కనబడాలంటే అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్, అదే మనవాళ్ళు డై అనేది, నరంలోకి ఎక్కించాలి. మామూలు పొట్ట స్కాన్‌కి సెకనుకి 2, 3 మి.లీ. చాలు. గుండె రక్తనాళాలు చూసే యాంజియోకైతే 4 నుంచి 6 మి.లీ. దాకా కావాలి. అంత వేగంగా చేత్తో తొయ్యలేం కాబట్టి పవర్ ఇంజెక్టర్ తోస్తుంది. దాని ఒత్తిడి పరిమితి మామూలుగా 300 పి.ఎస్.ఐ. అటూ ఇటూగా పెడతారు. మన కారు టైర్లో ఉండేది 30, 35!

ఇక్కడే పాయిజీ ఫార్ములా వస్తుంది. గొట్టం వ్యాసార్థం సగమైతే, అదే ఒత్తిడికి ప్రవాహం సగం కాదు, 16వ వంతుకి పడిపోతుంది. అందుకే యాంజియో అంటే చాలాచోట్ల కళ్ళు మూసుకుని పచ్చరంగు 18 గేజ్ తీస్తారు. దాని బయటి వ్యాసం సుమారు 1.3 మి.మీ. గులాబీ రంగు 20 గేజ్‌ది 1.1, నీలం రంగు 22 గేజ్‌ది 0.9.

లెక్క బాగానే ఉంది, మరి నరం సంగతో? మాటిమాటికీ స్కాన్ అవసరమయ్యేది ఎవరికి? కీమో తీసుకుంటున్నవాళ్ళకి, పెద్దవాళ్ళకి. నరాలు సన్నబడి దొరకనిదీ వాళ్ళకే. మా పెదనాన్నగారికి ఒకసారి పచ్చదాని కోసం నాలుగుసార్లు గుచ్చి, చివరికి గులాబీదే పెట్టారు. ఆ నాలుగు పోట్లూ ఎవరి ఖాతాలో వెయ్యాలి?

దీనికి ఇంకో డిజైన్ ఉంది. మామూలు కాన్యులాకి కొసన ఒకటే రంధ్రం. అందులోంచి ద్రవం జెట్‌లా వెళ్ళి నరం గోడకి కొడుతుంది. ఫెనెస్ట్రేటెడ్ రకంలో కొస దగ్గర పక్కన కూడా చిన్న రంధ్రాలుంటాయి. ప్రవాహం చీలిపోతుంది, జెట్ దెబ్బ తగ్గుతుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు 20 గేజ్ ఫెనెస్ట్రేటెడ్‌నీ, 18 గేజ్ మామూలుదాన్నీ పోల్చి చూసి 2014లో ఫలితాలు ప్రచురించారు. కాంట్రాస్ట్ వెళ్ళే వేగంలోనూ, బృహద్ధమని తెల్లగా కనబడటంలోనూ రెండూ దాదాపు సమానం. పైగా 18 పట్టని నరాలున్న చాలామందికి ఈ 20 పట్టింది.

అయితే అందరికీ ఇవే వాడెయ్యాలా? అక్కర్లేదంటాను. సెకనుకి 3 మి.లీ. చాలే స్కాన్‌కి మామూలు గులాబీదే సరిపోతుంది. ఖరీదైనది అవసరం లేనిచోట వాడితే ఆ బిల్లు కూడా పేషెంటుకే. కాంట్రాస్ట్ నరం బయటికి లీకవడం ఇంజెక్టర్ వాడే స్కాన్లలో 0.1 నుంచి 1.2 శాతం దాకా ఉంటుందని అమెరికన్ రేడియాలజీ కాలేజీ మాన్యువల్ చెబుతుంది. 1998లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనంలో ఈ లీకులకీ ఇంజెక్షన్ వేగానికీ సంబంధం కనబడలేదు. అంటే నరం ఎంపిక, గుచ్చే చెయ్యి కూడా లెక్కలోకొస్తాయన్నమాట.

డబ్బు పెద్దగా ఖర్చవని ఆప్టిమైజేషన్ ఒకటుంది: కాంట్రాస్ట్‌ని వెచ్చబెట్టడం. అయోహెక్సాల్ 350 చిక్కదనం 20 డిగ్రీల దగ్గర 20.4 సెంటీపాయిజ్, 37 డిగ్రీల దగ్గర 10.4. కాన్యులా మార్చకుండానే గొట్టంలో అడ్డు సగానికి తగ్గింది!

నేననేదల్లా ఇదీ. ముందు ఏ స్కానో, ఎంత వేగం కావాలో చూడాలి. తర్వాత నరం చూడాలి. ఆ రెంటికీ సరిపోయే వాటిలో చిన్న కాన్యులా ఎంచుకోవాలి. ఎక్కువ వేగం కావాలి, నరమేమో సన్నం అన్నప్పుడు తియ్యడానికి ప్రతి స్కాన్ సెంటర్లోనూ కొన్ని ఫెనెస్ట్రేటెడ్‌వి ఉంచాలి. కాన్యులాతో పాటు ఎక్స్‌టెన్షన్ ట్యూబుకీ ఆ ఒత్తిడి తట్టుకునే రేటింగ్ ఉందో లేదో చూడాలి.

ఇక మీరు అమ్మానాన్నల్ని స్కాన్‌కి తీసుకెళ్తే, కీమో అయిందా, ఏ చేతికి నరం బాగా దొరుకుతుంది అన్నవి సిస్టర్‌కి ముందే చెప్పండి. డై ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వెచ్చగా అనిపించడం మామూలే. గుచ్చినచోట మంటో, వాపో వస్తే మాత్రం వెంటనే అరిచి చెప్పమనండి. మనవాళ్ళు మొహమాటానికి ఓర్చుకుంటారు. అక్కడ ఓర్చుకోకూడదు.