విదూషక మీనానికి ‘తోడు’

నోరులేని జీవం మీద జాలి చూపడం సులభం. ఆ జీవం స్వభావమేమిటో తెలుసుకొని జాలి చూపడం కష్టం. మొదటిది చేసి రెండవది వదలివేసే అలవాటు మన నగరంలో, ముఖ్యంగా ఇళ్ళలో అద్దపు తొట్లు పెట్టి సముద్రపు చేపలను పెంచుకొనేవారిలో, నానాటికీ ప్రబలుతున్నది. “పాపం, ఒక్కటే తిరుగుతున్నదండీ, దానికొక జోడు తెచ్చి వేయరాదా?” అన్న మాట ఆ అలవాటుకు మంగళాచరణం. ఈ మాటను నేను ఖండించదలచుకున్నాను. దీని వెనుక దయ ఉన్నదని ఎరుగుదును. దయ ఉన్నంత మాత్రాన మాట ఒప్పు కాజాలదు.

ముందుగా సందర్భం మనవి చేస్తాను. గౌలిగూడలోని మా ఇంట మా చిన్నవాడు ఉప్పునీటి అక్వేరియం ఒకటి పెట్టినాడు. నూరు లీటర్ల తొట్టి. సముద్రం ఎటు చూచినా రెండువందల యాభై కిలోమీటర్లకు పైబడిన దూరాన ఉన్న ఊరిలో, కుళాయి నీటిని శుద్ధిచేసి, లీటరుకు సుమారు 35 గ్రాముల వంతున సముద్రలవణ మిశ్రమం కలిపి (వంటింటి ఉప్పు పనికిరాదు), గుక్కెడు కడలిని గదిలో నిలుపుకొనే ప్రయత్నమది. అందులో ఒక క్లౌన్ ఫిష్ ఉన్నది. నారింజ వన్నె ఒడలు, మూడు తెల్లని పట్టెలు, పట్టెల అంచున సన్నని నల్లగీత. పిల్లలు 2003లో వచ్చిన చలనచిత్రాన్ని బట్టి దానిని ‘నీమో’ అంటారు. నేను ఇంగ్లీషు పేరుకు అర్థం తీసి విదూషక మీనమంటాను. రెండేళ్ళుగా అది ఒంటరిగానే ఉన్నది. వేళకు తింటున్నది, తిరుగుతున్నది, నేను కుర్చీ జరుపుకొంటే అద్దం దగ్గరకు వచ్చి నిలుస్తున్నది. విశ్రాంత ఉపాధ్యాయుడికి ఇంతకంటె క్రమశిక్షణ గల విద్యార్థి దొరకదు.

అయినా ఇంటికి వచ్చిన ప్రతి బంధువూ దానిని చూచి నిట్టూరుస్తాడు. చేపలమ్మే అంగడివాడు ఇంకొక అడుగు ముందుకు వేసి, “జోడీ తీసుకోండి సార్, ఒక్కటే ఉంటే బెంగతో చచ్చిపోతుంది” అని శాస్త్రం చెబుతాడు. బెంగ అన్నది ఆయన వ్యాపారానికి అనుకూలమైన రోగం. ఒంటరిగా పెరిగి ఏళ్ళ తరబడి ఆరోగ్యంగా బ్రతికిన విదూషక మీనాలు పెంపకందారులకు కొత్త కాదు. చక్కగా చూచుకుంటే ఇరవై ఏళ్ళకు పైగా బ్రతుకగల జాతి ఇది.

ఈ ‘జోడు’ భ్రమ ఎక్కడి నుండి వచ్చిందా అని ఆలోచిస్తే నాకు సౌభరి మహర్షి గుర్తుకు వచ్చినాడు. విష్ణుపురాణంలోను, భాగవతంలోను ఆయన కథ ఉన్నది. నీళ్ళలో మునిగి తపస్సు చేసుకుంటున్న ఆ ముని, ఒక మత్స్యం పిల్లాపాపలతో విహరించడం చూచి మనసు చెదరి, మాంధాత చక్రవర్తి కుమార్తెలు యాభై మందినీ పెండ్లాడినాడు. ఆయన చేప సంసారాన్ని చూచి తనకు సంసారం కల్పించుకున్నాడు. మనము మన సంసారాన్ని చూచుకొని చేపకు సంసారం కల్పిస్తున్నాము. ఇద్దరిదీ ఒకే భ్రాంతి. దిక్కు మాత్రం మారింది. అయితే సౌభరి భ్రాంతికి మూల్యం సౌభరే చెల్లించి, చివరకు విరక్తుడైనాడు. మన భ్రాంతికి మూల్యం చేప చెల్లిస్తున్నది.

ఇంతకూ ఈ మీనాల కుటుంబం ఎటువంటిది? సముద్రంలో ఇవి అనిమోన్ అనే జంతువును ఆశ్రయించుకొని ఉంటాయి. అది చూపుకు పువ్వు, తాకితే దురదగొండి. ఇతర చేపలను కుట్టే ఆ జీవం వీటికి మాత్రం కోట. ఒక్కొక్క కోటలో ఒక చిన్న గుంపు. గుంపులో అన్నిటికంటె పెద్దది ఆడది, రెండవది మగది. తక్కినవి ఉంటే అవి సంతానానికి నోచని చిన్నవి. పుట్టుకతోనే ఆడదైన చేప వీటిలో ఉండదు. పెద్దది మరణిస్తే రెండవది ఆడదిగా మారుతుంది, మూడవది ఎదిగి మగదవుతుంది. ఈ మార్పును, దాని వెనుకనున్న ఆధిపత్యాన్ని 1977లోనే ‘నేచర్’ పత్రికలో ఫ్రికె ద్వయం వివరించినారు. 2003లో అదే పత్రికలో పీటర్ బస్టన్ మరొక విశేషం చూపినాడు: కింది వరుసలోని చేపలు తమ పైదానికి పోటీ రాకుండా తమ ఎదుగుదలను తామే అదుపు చేసుకుంటాయి. పోటీ వస్తే గెంటివేత. కోట నుండి గెంటబడిన దానికి సముద్రంలో దిక్కు లేదు. చలనచిత్రంలో తల్లి పోయిన తరువాత తండ్రి తండ్రిగానే మిగిలినాడు గాని, శాస్త్రం ప్రకారం ఆయన తల్లి కావలసినవాడు!

కనుక అక్కడ నడిచేది దాంపత్యమని మనము మురిసిపోతున్నది నిజానికి కొలువుకూటం. ఎవరు పెద్ద, ఎవరు తరువాత అన్నది తేలిన పిమ్మటనే శాంతి. తేలనంతవరకు యుద్ధం. 2024లో జపానులోని ఒకినావా శాస్త్ర సాంకేతిక సంస్థవారు ప్రకటించిన పరిశోధనలో, ఈ జాతి చిన్నచేపలు ఎదుటి చేపల మీది తెల్లచారలను బట్టి శత్రువును పోల్చుకుంటాయని, తమవలె మూడు చారలున్న వాటి మీదనే ఎక్కువగా కలియబడతాయని తేలింది. అనగా మనము ‘దాని వాళ్ళు’ అనుకొని తెచ్చి వేసేది, దాని దృష్టిలో మొట్టమొదటి పగవాడు.

ఇది పుస్తకాల మాట మాత్రమే కాదు. మా భవనంలో పై అంతస్తువారి తొట్టిలో మూడేళ్ళ వయసున్న చేప ఒకటి ఉండేది. ఎవరో జాలిపడినారు, ఎవరో అమ్మినారు. దానంతే పరిమాణం గల మరొకదానిని తెచ్చి, ఆ సాయంత్రమే తొట్టిలో వదలినారు. మూడవ నాటికి కొత్తదాని రెక్కలు చీలికలైనాయి. అది నీటి పైభాగాన ఒక మూల నక్కి మేత ముట్టలేదు. అయిదవ నాడు పోయింది. పోతూ పోతూ అంగడి నుండి తెచ్చిన రోగాన్ని పాతదానికి అంటించింది. ఒంటి మీద తెల్లని జిగురు, ఎగశ్వాస, వారం తిరుగకుండా అదీ పోయింది. ఆ ఇంటి పసిపిల్ల నా దగ్గరకు వచ్చి, “మేము పెళ్ళి చేశామనుకున్నాం తాతయ్యా” అన్నది. ఆ పిల్లకు ఆ మాట నేర్పినది పెద్దలే. అందువలననే ఈ వ్యాసం పెద్దల కోసం వ్రాస్తున్నాను.

“సముద్రంలో అవి ఒంటరిగా ఉండవు గదా” అని ఒక ఆక్షేపణ ఉన్నది. నిజమే, ఉండవు. కాని సముద్రంలో ఓడినదానికి తప్పుకొనే దారి అయినా ఉన్నది. నాలుగు అద్దాల మధ్య అది కూడా లేదు. మన పెద్దలు బలవంతుడు బలహీనుని మింగే స్థితికి మత్స్యన్యాయమని పేరు పెట్టినారు. నూరు లీటర్ల తొట్టిలో సమానులైన ఇద్దరిని బంధించి, ఆ న్యాయాన్ని మన చేతులతో నెలకొల్పి, దానికి తోడు అని పేరు పెట్టడం భాషకు కూడా అపచారమే. మత్స్యావతార గాథను తలచుకోండి. మనువు చేతికి చిక్కిన చేపపిల్ల ముందు పెద్దచేపల నుండి రక్షణ కోరింది. పెరిగిన కొద్దీ కుండ నుండి మడుగుకు, మడుగు నుండి నదికి, నది నుండి సముద్రానికి చేర్చమన్నది. అది రక్షణ అడిగింది, చోటు అడిగింది. తోడు మాత్రం అడగలేదు.

అట్లని తోడు ఎన్నటికీ కూడదని నా వాదం కాదు. సరిగా కుదిరిన జంట ఏళ్ళ తరబడి కలసిమెలసి ఉండడం, ఒక రాతి పక్కన గ్రుడ్లు పెట్టి మగది వాటికి రెక్కలతో విసరుతూ కాపు కాయడం కన్నుల పండుగే. నా తగవు తోడుతో కాదు, తోడు తెచ్చే తీరుతో. మన తెలుగులో ‘తోడు’కు మరొక అర్థమున్నది. గౌలీల పేరు మోసే ఈ పేటలో అది చెప్పనవసరం లేదు. పాలకు వేసే చేమిరిని తోడు అంటారు. పాలు కాగి, గోరువెచ్చనైన పిదపనే తోడు వేయాలి. వేసేది చెంచాడే గాని చెంబెడు కాదు. పులిసిపోయినది వేయరాదు. వేసిన తరువాత కదపరాదు. ఇవి తప్పితే పెరుగు కాదు, పాలు విరుగుతాయి. మా తల్లిగారి తరం స్త్రీలు ఒక గిన్నెడు పాలకు చూపిన ఓర్పు, ప్రాణమున్న చేపకు మనము చూపలేమా?

ఆ ఓర్పు ఎట్లుండవలెనో క్రమంగా చెబుతాను. మొదట తొట్టి సిద్ధపడాలి. చేపల విసర్జనంలోని అమ్మోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు స్థిరపడడానికి వారాలు పడుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు సున్న చూపనిదే రెండవ ప్రాణాన్ని తలపెట్టరాదు. తరువాత ఎంపిక. పాతదాని జాతిదే కావాలి, స్పష్టంగా చిన్నది కావాలి. సగం పరిమాణమైతే మేలు. పిల్లచేపకు ఇంకా ఆడ మగ నిశ్చయం కానందున పాతది ఆడదై, చిన్నది మగదై సర్దుకొనే వీలుంటుంది. అంగడిలో “ఆడదా, మగదా?” అని అడుగుతూ నిలబడనక్కరలేదు; వయసు, పరిమాణం చూచుకుంటే చాలు.

తెచ్చినదానిని తిన్నగా తొట్టిలో వేయరాదు. 2020 తరువాత క్వారంటైన్ అంటే ఏమిటో మన దేశంలో ఎవరికీ చెప్పవలసిన పని లేదు. కొత్తచేపకు వేరు తొట్టి, వేరు వల, వేరు బకెట్టు, కనీసం నాలుగు వారాల ఏకాంతం. రోగం ఉంటే ఆ నాలుగు వారాలలో బయటపడుతుంది. పిమ్మట పెద్దతొట్టిలోనే చిల్లులున్న పారదర్శకపు పెట్టెలో కొన్నాళ్ళు ఉంచాలి. ఒకదానినొకటి చూచుకుంటాయి గాని కరచుకోలేవు. వదలిన తరువాత పెద్దది కాసేపు తరుముతుంది. చిన్నది పక్కకు ఒరిగి గడగడ వణకుతుంది. అది భయంతో చచ్చిపోవడం కాదు, “నీవే పెద్ద” అని నమస్కరించడం. ఆ నమస్కారం జరిగితే సంధి కుదిరినట్లే. అట్లుగాక రెక్కలు చీలినా, మేత మానినా, ఒక మూల నీటి పైనే వ్రేలాడినా ఆ క్షణమే విడదీయాలి. విడదీసి ఉంచడానికి రెండవ చోటు ముందే సిద్ధంగా లేనివారు తోడు తేవడానికి అర్హులు కారు. ఇదొక్కటీ నేను గట్టిగా చెబుతున్నాను.

మా ఊరి ఎండ సంగతి మరచిపోరాదు. ఈ చేపలకు 25 నుండి 27 డిగ్రీల నీరు హితం. రోహిణి కార్తెలో గదిలోని నీరు కాగుతుంది, ఆవిరైపోతుంది. నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు కాదు. కనుక మంచినీరే పోసి భర్తీ చేయాలి. ఉన్న ఒక్క చేపనే కాపాడుకోవడం కష్టమైన ఆ దినాలలో రెండవదానిని తేవడం అవివేకం.

మరొక మాట. తెచ్చేది కడలి నుండి పట్టినదా, మనుషుల సంరక్షణలో పుట్టినదా అని విచారించాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు మండపం, విళింజం కేంద్రాలలో ఈ మీనాలను గ్రుడ్డు నుండి పెంచే విధానాన్ని సాధించినారు. మన దేశంలోనే ఆ విద్య ఉండగా పగడపు దిబ్బల నుండి అపహరించిన చేపను కొనడం ఎందుకు? 2017లో కేంద్రప్రభుత్వం అక్వేరియం దుకాణాల విషయమై నియమాలు ప్రకటించి, అమ్మరాని జాతులలో క్లౌన్ ఫిష్‌ను కూడా చేర్చింది. ఆ తరువాత ఆ నియమాలను ఉపసంహరించుకున్నది. చట్టం తప్పుకున్న చోట కొనేవాని విచక్షణే కాపలా.

“మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపపిల్లలను సజీవంగా మింగే ఊరిలో, ఒక రంగుచేపకు ఇంత రాద్ధాంతమా?” అని ఒక మిత్రుడు నన్ను పరిహసించినాడు. సమాధానం సులభం. మందని మింగేవాడు మింగుతానని చెప్పి మింగుతున్నాడు. కూర వండేవాడు వండుతానని చెప్పి కొంటున్నాడు. పెంచుతానని తెచ్చినవాడు మాట ఇచ్చినాడు. చేపకు మాట తెలియకపోవచ్చు, మాట ఇచ్చినవానికి తెలియదా? ఆ మాట నిలుపుకోవడం గురించే నేను వాదిస్తున్నాను.

మా ఇంట ప్రస్తుతం రెండవ తొట్టికి చోటు లేదు. అది కుదిరిన నాడు, కార్తెలు చల్లబడిన పిమ్మట, తోడు సంగతి ఆలోచిస్తాము. అంతవరకు మా విదూషక మీనం ఒంటరిగానే ఉంటుంది. దానిని చూచి నిట్టూర్చదలచినవారు నిట్టూర్చవచ్చు. సంచిలో మరొక చేపను పట్టుకొని మాత్రం మా గడప ఎక్కవద్దని సవినయంగా మనవి.

స్వస్తి.